బోర్డు మీద ఊరు

2025 మే 10, శనివారం. శంషాబాద్‌లోని కరాచీ బేకరీ ముందుకు కొందరు నినాదాలు చేస్తూ వచ్చారు. బోర్డు మీదున్న 'కరాచీ' అన్న మాటను కర్రలతో కొట్టారు. ఏప్రిల్ 22న పహల్గాంలో టెర్రరిస్టులు 26 మందిని చంపారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. దేశమంతా దుఃఖం, కోపం. ఆ కోపం సరిహద్దు దాకా పోలేక మన వీధి చివరి బిస్కెట్ల దుకాణం మీద పడింది. అంతకు కొద్దిరోజుల ముందే విశాఖపట్నంలో ఇదే బేకరీ పేరు మార్చాలని గొడవ జరిగింది. యజమానులు తమ దుకాణాలకు జాతీయ జెండాలు కట్టుకోవలసి వచ్చింది. బోర్డును కొట్టిన రోజు సాయంత్రమే కాల్పుల విరమణ ప్రకటించారు.

ఆ రోజు మేం పత్రికాఫీసులో డ్యూటీలో ఉన్నాం. వార్త వచ్చిన కాసేపటికే దాని వెనకాలే ఇంకో మాట వచ్చింది. "పాపం, అది హిందువులదే!" డెస్కులో అదే మాట. టీవీలో అదే మాట. ఫోన్లలో అదే మాట. లౌకికవాద మిత్రులు అదే పంపారు, మా ముస్లిం దోస్తులూ అదే పంపారు. దాచడం దేనికి, వార్తలో రెండో వాక్యంగా మేమూ అదే రాశాం. దేశవిభజనప్పుడు వచ్చిన సింధీ హిందూ కుటుంబం పెట్టిన బేకరీ అని రాసి, ఊపిరి పీల్చుకున్నాం. హమ్మయ్య, ఈసారి మావాళ్ళు కాదు అనుకున్నాం.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఆ మాటే ముద్దకు అడ్డం పడింది. హిందువులది కాకపోతే? అదే బోర్డు కింద గల్లా దగ్గర ఒక గడ్డపాయన కూర్చుని ఉంటే, మనమందరం ఏ వాక్యం రాసేవాళ్ళం? 'పొరపాటున కొట్టారు' అనే కదా ఆ మాటకు అర్థం. అంటే పొరపాటు కాకుండా, సరిగ్గా కొట్టదగినవాళ్ళు వేరే ఉన్నారని మనమే ఒప్పుకున్నట్టు కదా!

ఈ ప్రశ్నకు జవాబు ఉపన్యాసాల్లో దొరకదని మాకు తెలుసు. అందుకే ఆ బేకరీ చరిత్రలో వెతకబోయాం. వెతుకుతూ పోతే అందులో మా చరిత్ర కూడా కనిపించింది.

ముందు రొట్టె సంగతి. మన దక్కన్‌లో భట్టీలో కాలిన రొట్టె ఏదైనా సరే, ఎక్కణ్ణుంచో నడిచి వచ్చిందే. నాన్ అనేది ఫార్సీ మాట. పావ్ పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. మైదా అన్న మాటా ఫార్సీదే. బిస్కెట్ దొరలది. మా ఇళ్ళల్లో దావత్‌కి డబల్ కా మీఠా చేస్తాం. దాంట్లో నెయ్యీ పాలూ మనవి, డబల్ రోటీ మాత్రం బయటిది. ఇప్పుడు అది లేకపోతే హైదరాబాదీ పెళ్ళి పెళ్ళే కాదు. పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ 1851లో మొదలైంది. నిజాం కొలువులో మున్షీగా ఉన్న మనిషి పెట్టిన భట్టీ అది. పలక ఆకారంలో ఉండే ఆ నాలుగు మూలల నాన్‌ను నిహారీలో ముంచుకు తిననివాడు పాతబస్తీ చూడనట్టే.

తర్వాత ఇరానీలు వచ్చారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యజ్ద్ చుట్టుపక్కల నుంచి కరువుకు తాళలేక కొందరు, మతం పేర వేధింపులు పడలేక కొందరు, బతుకుతెరువు కోసం కొందరు బయల్దేరారు. బొంబాయి, పూనా మీదుగా దక్కన్ చేరారు. వాళ్ళలో జొరాస్ట్రియన్లు ఉన్నారు, షియా ముస్లింలు ఉన్నారు. హైదరాబాద్‌లో వాళ్ళు పెట్టినవే ఇరానీ హోటళ్ళు. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935లో మొదలైంది. పాలు విడిగా మరగకాచి, డికాక్షన్‌కు దమ్ పెట్టి, రెండూ కప్పులో కలిపే చాయ్ ఈ ఊరి చాయ్ అయిపోయింది. చాయ్ పక్కన ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్ వచ్చి కూర్చుంది. దాని పుట్టుక గురించి రకరకాల కథలు చెబుతారు. ఏ కథైనా తిరిగి తిరిగి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు దగ్గరకే చేరుతుంది.

ఇలా వచ్చినవాళ్ళు పేర్చుకుంటూ పోయిన ఊరిది. అందులో మొజంజాహీ మార్కెట్ ఒక కూడలి. 1935లో నల్లరాతితో కట్టారు. నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. గడియారం గోపురం కింద పండ్లు, పూలు, అత్తర్లు, ఐస్‌క్రీం. మొజంజా భార్య నీలోఫర్ కూడా శరణార్థే. ఉస్మానియా సుల్తానుల వంశంలో పుట్టి, 1924లో ఆ వంశాన్ని టర్కీ నుంచి వెళ్ళగొడితే ఫ్రాన్స్‌లో పెరిగి, 1931లో కోడలిగా ఈ ఊరికి వచ్చింది. ఆమె పేరుతోనే 1953లో తల్లీపిల్లల ఆసుపత్రి ఏర్పడింది. ఈ ఊళ్ళో ఏ పేరు దుమ్ము దులిపినా ఎవరో ఒకరి వలస బయటపడుతుంది.

సరిగ్గా ఆ 1953లోనే మొజంజాహీ మార్కెట్ దగ్గర ఖాన్‌చంద్ రామ్నాని అనే సింధీ బేకరీ తెరిచాడు. కరాచీ బేకరీ అని పేరు పెట్టుకున్నాడు.

ఆయన ఎందుకు వచ్చాడో తెలుసుకోవాలంటే కరాచీకి పోవాలి. 1941 జనాభా లెక్కల నాటికి కరాచీ నగరంలో దాదాపు సగంమంది హిందువులు. సింధ్ మొత్తంలో నాలుగో వంతే అయినా పట్టణాల్లో వ్యాపారం, చదువు, ఉద్యోగాలు ఎక్కువగా వాళ్ళవే. పంజాబ్‌ను, బెంగాల్‌ను విభజనప్పుడు రెండుగా కోశారు. సింధ్‌ను కోయలేదు, మొత్తంగా పాకిస్తాన్‌కు ఇచ్చారు. అందుకే సింధీ హిందువులు చాలామంది వెంటనే కదల్లేదు. ఇది మన ఊరే కదా, రాజు మారితే ప్రజలు మారతారా అనుకున్నారు. 1948 జనవరి 6న కరాచీలో మతకల్లోలం జరిగింది. ఇళ్ళు దోచుకున్నారు, మనుషుల్ని చంపారు. ఆ తర్వాత ఓడల నిండా జనం బొంబాయి రేవుకు చేరారు.

ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పుకోవాలి. వాళ్ళను తరిమింది మా మతం పేరు చెప్పుకున్నవాళ్ళే. కలిమా చదివిన నోళ్ళతోనే పొరుగువాణ్ణి పొమ్మన్నారు. మేం ఇక్కడ మైనారిటీగా పడే బాధ గురించి మాట్లాడేటప్పుడు, అక్కడ మైనారిటీగా వాళ్ళు పడ్డ బాధను దాటేసి పోతే మా మాటకు విలువుండదు.

వచ్చిన సింధీలకు ఇంకో కష్టం ఎదురైంది. పంజాబీకి ఇటువైపు సగం పంజాబ్ ఉంది. బెంగాలీకి సగం బెంగాల్ ఉంది. సింధీకి జానెడు సింధ్ కూడా లేదు. భాషకు రాష్ట్రం లేదు. 1967లో 21వ రాజ్యాంగ సవరణతో గాని సింధీ ఎనిమిదో షెడ్యూలులో చేరలేదు. జాతీయగీతంలో సింధ్ పేరు ఉంది కదా, ఆ ప్రాంతం ఇప్పుడు మన దేశంలో లేదు కాబట్టి దాన్ని తీసెయ్యాలని ఒకాయన సుప్రీంకోర్టుకే పోయాడు. 2005లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. అంటే ఆ మాట అక్కడ ఉండవచ్చు అని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది. నేల లేనివాళ్ళకు పేరే నేల. వాళ్ళు దుకాణాల మీద ఊళ్ళ పేర్లు రాసుకున్నారంటే, పోయినవాళ్ళ ఫోటోకు దండ వేసుకున్నట్టే. ఖాన్‌చంద్ రామ్నాని 'కరాచీ' అని రాసుకున్నది పాకిస్తాన్ మీద ప్రేమతో కాదు. పాకిస్తాన్ ఏర్పడ్డందుకే ఆయన ఆ ఊరు పోగొట్టుకున్నాడు.

ఆయన వచ్చిన హైదరాబాద్ కూడా అప్పుడే గాయపడి ఉంది. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీసు చర్య. అంతకుముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాలకు తెలంగాణ పల్లెలు ఏడ్చాయి. అందులో అబద్ధం లేదు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతి రోజుల్లోనూ మాత్రం, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలు మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో, మన వైపునా వేలాదిగా చచ్చిపోయారు. కేంద్ర ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు. 2013లో గాని బయటకు రాలేదు.

అప్పుడు ఇక్కణ్ణుంచి కూడా జనం కదిలారు. పోయినవాళ్ళు పోయింది ఎక్కడికి? కరాచీకి. ఒకే ఏడాది, 1948. అక్కణ్ణుంచి ఒక ఓడ ఇటు, ఇక్కణ్ణుంచి ఒక ఓడ అటు. కరాచీలో ఈరోజుకీ హైదరాబాద్ కాలనీ ఉంది. అక్కడ ఖట్టీ దాల్, మిర్చీ కా సాలన్, మన పచ్చళ్ళు అమ్ముతారు. బహదూర్ యార్ జంగ్ పేరుతో బహదూరాబాద్ ఉంది, అక్కడి కూడలిలో చిన్న చార్మినార్ కూడా కట్టుకున్నారు. సింధ్‌లోనూ హైదరాబాద్ అనే నగరం ఉంది. ఆ హైదరాబాద్‌లో 1911లో ఒక హిందూ కుటుంబం పెట్టిన బేకరీ ఉంది. దాని పేరు బొంబాయి బేకరీ! థడానీల కుటుంబం విభజన తర్వాత కూడా అక్కడే నిలబడింది. వాళ్ళ కాఫీ కేకు కోసం ఇప్పటికీ జనం బారులు తీరుతారు. ఇక్కడి హైదరాబాద్‌లో కరాచీ బేకరీ, అక్కడి హైదరాబాద్‌లో బొంబాయి బేకరీ. రెండూ హిందువులు పెట్టినవే. తినేవాళ్ళు మాత్రం అందరూ.

ఖాన్‌చంద్ దుకాణం తెరిచిన కాలం కూడా బయటివాళ్ళకు అనువైన కాలం కాదు. 1952 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ముల్కీ ఆందోళన సాగింది. పోలీసు చర్య తర్వాత బయటి ప్రాంతాలవాళ్ళకు ఉద్యోగాలిచ్చి స్థానికులకు అన్యాయం చేస్తున్నారని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 'గైర్ ముల్కీ గో బ్యాక్' అన్నారు, 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని కూడా అన్నారు. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి పిల్లలు చనిపోయారు. ఆ ఆవేదన న్యాయమైనదే, దాని వెనక ఉద్యోగాల లెక్కలున్నాయి. అయినా కోపం వచ్చినప్పుడు మనుషుల నోటికి ముందు తిండి పేరే వస్తుందని ఆ నినాదం చెబుతోంది. అది జరిగిన మరుసటి ఏడాదే ఇంకో గైర్ ముల్కీ వచ్చి, ఈ ఊరికి రొట్టె అమ్ముతానని కూర్చున్నాడు. ఊరు పొమ్మనలేదు. చిల్లర తీసి బిస్కెట్లు కొనుక్కుంది.

ఆయన అమ్మింది ఏమిటి? ఒకటి ఉస్మానియా బిస్కెట్. ముస్లిం రాజ్యం నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన హిందువు, పడిపోయిన ముస్లిం రాజు పేరున్న బిస్కెట్‌ను ముస్లింలకూ హిందువులకూ తూచి ఇచ్చాడు. రెండోది ఫ్రూట్ బిస్కెట్. మైదా, వెన్న, పంచదార కలిపిన ముద్దలో జీడిపప్పు, టూటీ ఫ్రూటీ వేసి, దిమ్మలా ఒత్తి, గట్టిపడ్డాక ముక్కలు కోసి కాలుస్తారు. టూటీ ఫ్రూటీ అంటే మరేమిటో కాదు. పచ్చి బొప్పాయి ముక్కల్ని పాకంలో ఉడికించి ఎరుపూ ఆకుపచ్చా రంగులు అద్దినవే. ఆ బొప్పాయి కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. ఆ బిస్కెట్‌ను కొరికినప్పుడు పంటికింద ఎన్ని దేశాలు నలుగుతాయో ఎవరైనా లెక్కపెట్టారా!

తండ్రి తర్వాత కొడుకులు, కొడుకుల తర్వాత మనవలు. ఒక్క దుకాణం పది దుకాణాలైంది. హైదరాబాద్ దాటి బెంగళూరు, చెన్నై, ముంబై, ఢిల్లీ చేరింది. విమానాశ్రయంలో చేరింది. మా మొహల్లాల నుంచి దుబాయికీ జిద్దాకీ పోయే కుర్రాళ్ళ సూట్‌కేసుల్లో, పచ్చడి సీసాల పక్కన ఫ్రూట్ బిస్కెట్ డబ్బాలు చేరాయి. ఒక సింధీ పేరు, ఒక నిజాం బిస్కెట్, ఒక ముస్లిం కూలీ పెట్టె. ఇంతకంటే హైదరాబాద్ ఎక్కడుంటుంది?

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

మాది నల్గొండ. అబ్బా ఆర్టీసీ కండక్టరు. హైదరాబాద్ డ్యూటీ పడినప్పుడు బస్సును గౌలిగూడ స్టాండులో పెట్టి, జీతమొచ్చిన వారమైతే మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి, పావుకిలో ఫ్రూట్ బిస్కెట్లు తెచ్చేవాడు. ఎనభైల చివరి మాట. టికెట్ల సంచీలో పెట్టుకు తెచ్చేవాడు కాబట్టి బిస్కెట్లకు కాస్త చిల్లర డబ్బుల వాసన ఉండేది. మర్నాడు బడికి రెండు బిస్కెట్లు కాగితంలో చుట్టి ఇస్తూ అమ్మీ ఒకటే మాట చెప్పేది. "కరాచీ నక్కో బోలో. ఖాలీ బిస్కూట్ బోలో." కరాచీ అనొద్దు, ఉత్త బిస్కెట్ అను.

అర్థమయ్యేది కాదు. పొట్లం మీద అంత పెద్ద అక్షరాలతో ఉంది కదా! మా క్లాసులో రెడ్డిగారి అబ్బాయి అవే బిస్కెట్లు తెచ్చుకుని, "కరాచీ బిస్కెట్టురా" అని బెంచీ బెంచీకి చూపించేవాడు కదా! వాడు అనొచ్చు, మేం ఎందుకు అనకూడదు?

ఎందుకో మెల్లగా తెలిసింది. నానీమా తమ్ముడు పోలీసు చర్య తర్వాత కరాచీ పోయాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవట. 1965 యుద్ధంతో ఆగాయి. మళ్ళీ మొదలై, 1971లో మళ్ళీ ఆగాయి. తర్వాత ఎప్పుడో ఏడాదికొకటి. ఆ ఉత్తరాలను నానీమా ఖురాన్ అరలో కాదు, బియ్యం డబ్బా అడుగున పెట్టేది. ఎవరైనా వస్తే "మామూజాన్ బంబయిలో ఉన్నాడు" అనేవాళ్ళు. మా ఇంట్లో కరాచీని బొంబాయి అని పిలిచేవాళ్ళం. ఒక చెల్లెలికి పాస్‌పోర్టు కావలసి వచ్చినప్పుడు, విచారణకు వచ్చినాయన మొదట అడిగిందే "పాకిస్తాన్‌లో చుట్టాలున్నారా?" అని. చెల్లెలు అబ్బా వైపు చూసింది. అబ్బా నేలవైపు చూశాడు.

అందుకే మాకు కరాచీ అనే మాట రెండు విధాలుగా తెలుసు. ఒకటి బోర్డు మీది కరాచీ, లైట్లు పెట్టి రాసింది, నలుగురికీ కనపడేది. రెండోది బియ్యం కింది కరాచీ. ఒకే ఊరు. ఒకరు దాన్ని పోగొట్టుకుని గుర్తుగా రాసుకున్నారు. ఇంకొకరు అక్కడికి తమ మనిషిని పోగొట్టుకుని, ఆ సంగతే దాచుకున్నారు. ఎవరి దుఃఖం వాళ్ళదే, రెండూ దుఃఖాలే. కానీ ఒక దుఃఖానికి బోర్డు పెట్టుకునే హక్కుంది, మరో దుఃఖానికి లేదు. ఈ తేడాను ఏ చట్టమూ రాయలేదు. మా అమ్మీకి మాత్రం చదవకుండానే తెలుసు.

ఖాన్‌చంద్ రామ్నానిది తప్పని మేం అనడం లేదు. ఆయన రాసుకోబట్టే ఆ మాట ఈ ఊళ్ళో మామూలు మాటగా, తియ్యని మాటగా బతికింది. మేం నోటితో అనలేకపోయినా చేత్తో పట్టుకోగలిగాం. ఆ మేరకు ఆయనకు మేం రుణపడి ఉన్నాం.

2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు ఇందిరానగర్‌లో ఈ బేకరీ ముందుకు గుంపు వచ్చింది. సిబ్బంది బోర్డు మీది కరాచీ అనే మాటకు గుడ్డ కప్పి, పక్కన జాతీయ జెండా పెట్టారు. ఆ ఫోటో పేపర్లో చూసినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది బియ్యం డబ్బా. అమ్మీ మా నోటికి కప్పిన గుడ్డే ఇప్పుడు వాళ్ళ బోర్డు మీదికి పోయింది. 2025లో మళ్ళీ అదే. ఈసారి బేకరీవాళ్ళు, తమది 1953లో హైదరాబాద్‌లో పుట్టిన భారతీయ సంస్థ అనీ, పేరు తమ చరిత్రలో భాగమే తప్ప జాతీయత కాదనీ ప్రకటన ఇచ్చుకున్నారు. మూడు తరాలుగా రొట్టె అమ్మిన కుటుంబం తాను ఎవరో చెప్పుకోవలసి వచ్చింది. తాత పారిపోయి వచ్చింది ఎక్కణ్ణుంచో, ఆ దేశంవాళ్ళేనా మీరు అని మనవల్ని అడిగారు.

ఆ ప్రకటన చదువుతుంటే మాకు వింతగా అనిపించలేదు. ఆ ప్రకటన మాకు కంఠతా వచ్చు. అద్దె ఇల్లు అడిగినప్పుడు, ఉద్యోగంలో చేరినప్పుడు, ఎక్కడో ఏదో పేలినప్పుడు మేం నోటితో ఇచ్చుకుంటూ వచ్చిన ప్రకటనే అది. మేం ఇక్కడివాళ్ళమే, మా తాతలు ఇక్కడే మట్టిలో కలిశారు, మా పేర్లు అలా ఉంటాయి గాని మేం మీవాళ్ళమే అని చెప్పుకుంటూనే ఉన్నాం. తేడా అల్లా ఒక్కటే. వాళ్ళు ప్రకటన ఇవ్వగానే దేశం నమ్మింది. నమ్మాలి కూడా. మాకు మాత్రం ప్రతిసారీ కొత్తగా ఇవ్వాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరకు వస్తాం. "అది హిందువులదే" అన్న మిత్రుల మీద మాకు కోపం లేదు. మంచి మనసుతోనే అన్నారు. దుకాణాన్ని కాపాడదామని అన్నారు. కాని ఆ మాట ఒక్క దుకాణాన్ని కాపాడి, వంద దుకాణాలను గుంపు చేతికి అప్పగిస్తుంది. కొట్టడం తప్పు అనడానికి బదులు, కొట్టినచోటు తప్పు అంటుంది. రేపు ఏ మదీనా హోటలు ముందుకో, ఏ కాబూలీ మిఠాయి కొట్టు ముందుకో కర్రలు వస్తే, ఆ కొట్టువాడికి ఈ సర్టిఫికెట్ దొరకదు కదా. అప్పుడు మనం ఏం రాస్తాం? మా ముస్లిం దోస్తులకూ ఇదే చెబుతున్నాం. "మాది కాదు, వాళ్ళదే" అని సంబరంగా ఫార్వర్డ్ చేసినప్పుడు మన మెడకు మనమే తాడు పేనుకున్నాం.

మరి ఏం అనాలి? ఈ ఊరే ఆ జవాబు ఎప్పుడో ఇచ్చింది. రెడ్‌హిల్స్‌లో కేఫ్ నీలోఫర్ ఉంది. 1978లో మొదలైంది. ఆదిలాబాద్ నుంచి వచ్చి అందులో పనికి చేరిన బాబూరావు అనే కుర్రాడు, కాలక్రమంలో దానికే యజమాని అయ్యాడు. తెలుగు హిందువు నడిపే ఇరానీ చాయ్ హోటలు, పేరు ఒక టర్కీ రాకుమారిది. పేరు మార్చమని ఆయన్ను ఎవరూ అడగలేదు. "ఇది నిజంగా ఎవరిది?" అని విచారించి ఎవరూ చాయ్ తాగలేదు. చాయ్ బాగుందా లేదా, అంతే. భట్టీ ముందు నిలబడి చెమటోడ్చేవాడికీ, కప్పు ముందు కూర్చున్నవాడికీ మధ్య ఊరు పెట్టుకున్న న్యాయం అది. ఎవరిదైతేనేం, కొట్టడం తప్పు. ఇంతకు మించి వాక్యం అక్కర్లేదు.

మరుసటి ఆదివారం అమ్మీ మా ఇంటికొచ్చింది. డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. టీవీలో బోర్డును కొట్టడం చూసిందట. "బిస్కెట్లు తెచ్చుకుందాం పద" అంది. ఆటో మాట్లాడుకుని మొజంజాహీ మార్కెట్ పోయాం. దుకాణం నిండా జనం. తలమీద కొంగు సర్దుకుని, గల్లా ముందు నిలబడి, పక్కవాళ్ళందరికీ వినపడేట్టు అడిగింది.

"పావుకిలో కరాచీ బిస్కూట్ దేవ్, బేటా."

ఆ మాట అమ్మీ నోట వినడం మాకు అదే మొదటిసారి. కుర్రాడు తల ఎత్తకుండానే తూచి, పొట్లం కట్టి ఇచ్చాడు. వాడి పేరేమిటో మేం అడగలేదు.